పిక్విక్ కథలోని నిద్రమొద్దు: ఒక పోలిక మరుగుపరచిన జబ్బు

నిద్రపోయేవానిని చూచి నవ్వడం లోకసహజం. ఎంత లేపినా లేవని మనిషిని కుంభకర్ణుడని పిలవడం తెలుగునాట ప్రతి ఇంటిలోను, ప్రతి తరగతి గదిలోను వినబడే మాట. రామాయణంలో ఆ రాక్షసుని లేపడానికి వెళ్ళినవారు అతని ఊపిరి విసురుకు నిలువలేకపోయారని వాల్మీకి వర్ణించాడు. ఆ వర్ణన విని పిల్లలు నవ్వుతారు, పెద్దలు ఆనందిస్తారు. అంత బలంగా వచ్చే ఊపిరి మధ్యమధ్య ఆగుతున్నదా అని అడిగేవారు అరుదు. కావ్యానికి ఆ ప్రశ్నతో పనిలేదు. వైద్యానికి మాత్రం ఉన్నది.

ఇంగ్లీషువారికి కూడా ఇటువంటి నిద్రమొద్దు ఒకడున్నాడు. చార్లెస్ డికెన్సు వ్రాసిన 'పిక్విక్ పేపర్సు' అనే నవలలోని జో అనే బొద్దు కుర్రవాడే అతడు. కుంభకర్ణునికి దక్కని గౌరవం ఇతనికి దక్కింది. 1956లో అమెరికాలోని కొందరు వైద్యులు ఒక జబ్బుకు ఆ నవల పేరే పెట్టారు. అప్పటినుంచి చాలాకాలం వైద్యగ్రంథాలలో 'పిక్విక్ లక్షణసముదాయం' అనే మాట నిలిచిపోయింది. డికెన్సు ఎంతటి పరిశీలకుడో చూడండి, వైద్యులకంటె నూరేళ్ళు ముందుగానే జబ్బును కనిపెట్టాడని ఉపన్యాసాలలోను, పాఠాలలోను చెప్పుకోవడం పరిపాటి అయినది.

ఈ ప్రశంస ఎంతవరకు న్యాయం? సాహిత్యం నుంచి తీసుకున్న ఆ పోలిక వైద్యానికి చేసిన మేలెంత, కీడెంత? రాత్రివేళ ఊపిరాడక ఉలిక్కిపడి లేచే మనుషుల బాధను అర్థం చేసుకోవడానికి ఆ పోలిక తోడ్పడినదా, అడ్డుపడినదా? ఈ ప్రశ్నలకు సమాధానం కావాలంటే మొదట ఆ పుస్తకాన్ని, తరువాత ఆ జబ్బు చరిత్రను జాగ్రత్తగా చదవాలి.

నవలలో ఉన్నదేమి? లేనిదేమి?

'పిక్విక్ పేపర్సు' 1836 నుంచి 1837 వరకు నెలనెలా చిన్న సంచికలుగా వెలువడినది. మొదటి సంచిక వచ్చేనాటికి డికెన్సు వయస్సు 24 ఏళ్ళు మాత్రమే. పిక్విక్ అనే పెద్దమనిషి, అతని సంఘంలోని మిత్రులు ఊళ్ళు తిరుగుతూ వింతలు చూడడం కథలోని ప్రధానాంశం. ఆ ప్రయాణంలో వార్డిల్ అనే గ్రామీణ భూస్వామి వారికి తటస్థపడతాడు. ఆయన గుర్రపుబండి ముందు పీటమీద కూర్చుని నిద్రపోతూ ఉండే పనికుర్రవాడే జో.

ఈ కుర్రవానిని గురించి నవలలో ఉన్న వివరాలను వరుసగా చెప్పవచ్చును. ఒళ్ళు బాగా లావు. ముఖం ఎర్రగా ఉంటుంది. తినేటప్పుడు తప్ప మిగిలిన వేళ ఎప్పుడూ నిద్రే. భోజనాల బల్ల దగ్గర వడ్డనకు నిలబడి గురకపెడతాడని యజమాని చెబుతాడు. పిలిస్తే చప్పున లేవడు. లేచినా మరల కునుకు తీస్తాడు. ఒకసారి వకీలు ఇంటి తలుపును ఊరంతా అదిరేటట్లు బాదుతాడు. గుమాస్తా వచ్చి తలుపు తీసేసరికి చాపమీద నిటారుగా నిలబడి కళ్ళు మూసుకొని ఉంటాడు. పరిహాసానికి అతనిని ఒళ్ళు నీరుపట్టిన రోగి పేరుతో పిలిచిన పాత్ర కూడా ఉన్నది.

ఇవన్నీ చదివిన వైద్యునికి వెంటనే ఒక రోగి కళ్ళకు కట్టడం సహజమే. లావు, గురక, ఆపుకోలేని పగటి నిద్ర, ఎర్రని ముఖం, నీరుపట్టిన ఒళ్ళు: ఇన్ని లక్షణాలు ఒక్కచోట చేరినవి. కాని విమర్శకుడు ఇక్కడ ఆగి రెండు సంగతులు గమనించాలి.

మొదటిది, ఇది హాస్యపాత్ర. హాస్యపాత్రకు ఒక్కటే గుణం ఉంటుంది. రచయిత దానిని ప్రతి సన్నివేశంలోను పెంచి చూపుతాడు. నడుస్తూ పనులకు పోతూ కూడా నిద్రపోతాడనే మాట రోగి వర్ణన కాదు, అతిశయోక్తి. పైగా తోటలోని పొదరింట్లో జరిగిన ప్రణయ రహస్యాన్ని పొంచి చూచి, దానిని ముసలమ్మగారికి భయం పుట్టేటట్లు చెప్పినవాడు కూడా ఈ జోయే. కథకు అవసరమైనప్పుడు అతడు చక్కగా మేల్కొనే ఉంటాడు. కాబట్టి నవలను రోగి చరిత్రగా చదవడం నవలకు గాని రోగికి గాని న్యాయం కాదు.

రెండవది ఇంకా ముఖ్యం. జో నిద్ర అంతా పగటి నిద్ర. ఇంతటి నవలలో ఎవ్వరూ రాత్రివేళ అతని పడక దగ్గరకు వెళ్ళరు. అతడు ఎక్కడ పడుకొంటాడో, ఎలా ఊపిరి పీలుస్తాడో, మధ్యలో లేస్తాడో లేదో చూచినవారు లేరు. వంటింటి వైపునుంచి గురక వినబడుతుంది, అంతే. యజమానులకు పనికుర్రవాని పగలు కావాలి గాని రాత్రితో పనిలేదు. డికెన్సు చూచినది చక్కగానే చూచాడు, కాని పగలును మాత్రమే చూచాడు. జబ్బు ఉన్నది రాత్రిలో.

ఊపిరాడక లేవడానికి కారణాలు

రాత్రి సాక్ష్యం ఎందుకంత అవసరమో తెలియాలంటే, నిద్రలో ఊపిరాడక లేవడానికి ఉన్న ప్రధాన కారణాలను ఒకదానిప్రక్కన ఒకటి పెట్టి చూడాలి. పగటిపూట రోగిని చూస్తే వీటిలో కొన్ని ఒకేలా కనబడతవి. రాత్రి జరిగే తీరులోనే తేడా తెలుస్తుంది.

ఒక కారణం గుండె. పగలంతా కాళ్ళలో చేరిన నీరు, పడుకొన్న తరువాత మెల్లగా రక్తంలోకి తిరిగివస్తుంది. ఆరోగ్యవంతుని గుండెకు ఇది లెక్కలోనిది కాదు. ఎడమ జఠరిక బలహీనమైనవారిలో మాత్రం ఆ అదనపు రక్తం ముందుకు సాగక, ఊపిరితిత్తుల రక్తనాళాలలో వత్తిడి పెరుగుతుంది. గాలి ఉండవలసిన అరలలోకి నీరు ఊరడం మొదలవుతుంది. ఇటువంటి రోగి సాధారణంగా పడుకొన్న గంటకో రెండు గంటలకో ఆయాసంతో లేచి కూర్చుంటాడు. కాళ్ళు క్రిందికి వేలాడవేసి, కిటికీ దగ్గర గాలికోసం తపిస్తాడు. ఆయాసం తగ్గడానికి కొంత సమయం, ఒక్కొక్కప్పుడు అరగంట, పడుతుంది. తలక్రింద దిండ్లు ఎత్తుగా పెట్టుకుంటే గాని అతనికి నిద్రపట్టదు.

మరొకటి ఉబ్బసం. శ్వాసనాళికలు రాత్రి చివరి జామున సహజంగానే కొద్దిగా సన్నబడతవి. ఉబ్బసం ఉన్నవారిలో ఈ తేడా ఎక్కువ. అందుకే వారు తెల్లవారుజామున దగ్గుతో, పిల్లికూతలతో లేస్తారు. వారికి గాలి విడవడం కష్టం.

కడుపులోని ఆమ్లం గొంతులోకి ఎగదన్నడం ఇంకొకటి. ఆమ్లం సోకగానే స్వరపేటిక బిగుసుకుపోతుంది. మనిషి నోట పుల్లని రుచితో, దగ్గుతో, గొంతు పట్టివేసినట్లు లేస్తాడు. రాత్రి ఆలస్యంగా కడుపునిండా తిని వెంటనే పడుకొనేవారిలో ఇది అధికం.

మనస్సులోని భయం కూడా నిద్రలోనుంచి లేపగలదు. గుండెదడ, చెమట, చేతివ్రేళ్ళ తిమ్మిరి, చనిపోతానేమో అనే భీతి దానికి లక్షణాలు. ఇదంతా భయమేనని రోగి తనకు తాను నిశ్చయించుకోరాదు. గుండె, ఊపిరితిత్తులు పరీక్షించి అవి బాగున్నవని తేలిన తరువాత వైద్యుడు చెప్పవలసిన మాట అది.

ఇక చివరిది గొంతు మూసుకొనిపోవడం. ముక్కు వెనుకనుంచి స్వరపేటిక వరకు ఉన్న గొంతు భాగం మెత్తని గొట్టం. శ్వాసనాళానికి ఉన్నట్లు దానికి మృదులాస్థి కట్లు లేవు. మెలకువలో నాలుకను, అంగిలిని కండరాలు బిగించి పట్టి దారిని తెరచి ఉంచుతవి. నిద్రలో ఆ పట్టు సడలుతుంది. దారి సన్నమైనప్పుడు గాలి వేగంగా పోతుంది, వేగం పెరిగినచోట వత్తిడి తగ్గుతుంది, గోడలు లోపలికి లాగబడతవి. నానిన కాగితపు గొట్టాన్ని నోటపెట్టి గట్టిగా పీల్చితే అది ఎట్లా అతుక్కుపోతుందో విద్యార్థులు సులభంగా చూడవచ్చును. గోడలు అదిరితే గురక. పూర్తిగా అతుక్కుంటే నిశ్శబ్దం. రొమ్ము, పొట్ట ఎగసిపడుతూనే ఉంటవి గాని గాలి లోపలికి పోదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. చివరకు మెదడు క్షణకాలం మేల్కొని కండరాలను బిగిస్తుంది. పెద్ద చప్పుడుతో గాలి దూసుకుపోతుంది. మరల నిద్ర, మరల మూత.

ఈ జబ్బులో ఊపిరి కనీసం 10 సెకండ్లు ఆగితే దానిని ఒక విరామంగా లెక్కిస్తారు. గంటకు 30 సార్లు, అంతకుమించి శ్వాసకు ఇట్లా అంతరాయం కలిగితే జబ్బు తీవ్రమైనదని అర్థం. 8 గంటల నిద్రలో అది 240 సార్లు. అన్నిసార్లు నిద్ర చెదిరినా రోగికి వాటిలో చాలభాగం జ్ఞాపకం ఉండదు. ఎప్పుడో ఒకసారి ఊపిరాడక పూర్తిగా లేస్తాడు. ఒకటి రెండు శ్వాసలతో బాధ తీరిపోతుంది గనుక పీడకల అనుకొని పడుకొంటాడు. జరిగినదానికి సాక్షి ప్రక్కన పడుకొన్న మనిషి. జో కథలో లేనిది సరిగా ఆ సాక్షియే.

సాక్షులు పలికినా వినబడలేదు

డికెన్సు కనిపెట్టిన జబ్బును వైద్యులు నూరేళ్ళ తరువాత గుర్తించారనే మాట చరిత్రకు కూడా సరిపోదు. అసలు జబ్బును చూచి వ్రాసినవారు 19వ శతాబ్దిలోనే వైద్యులలో ఉన్నారు.

1877లో విలియం బ్రాడ్‌బెంట్ అనే లండను వైద్యుడు, శ్వాస పెరుగుతూ తరుగుతూ ఆగే మరొక స్థితిని గురించి 'లాన్సెట్' పత్రికలో వ్రాస్తూ, ఈ సంగతిని ప్రస్తావించాడు. వయస్సు మళ్ళిన మనిషి వెల్లకిల పడుకొని గురకపెడుతున్నప్పుడు, అప్పుడప్పుడు పీల్చిన గాలి గొంతులోని అడ్డును దాటలేకపోతుందని, రెండు మూడు శ్వాసలపాటు రొమ్ము కదలుతున్నా చప్పుడు ఉండదని, తరువాత గట్టి శబ్దంతో గాలి లోపలికి పోతుందని ఆయన గమనించాడు. ఈనాటి పాఠ్యగ్రంథం చెప్పేదానికి ఇందులో లోపించినది చాల తక్కువ.

1889లో లివర్‌పూల్ వైద్యుడు రిచర్డ్ కాటన్ లండనులోని క్లినికల్ సొసైటీలో ఒక రోగిని గురించి చెప్పాడు. అతడు పక్షులమ్మే వర్తకుడు, బాగా లావెక్కినవాడు. బేరం మధ్యలో నిద్రపోయేవాడు. మేల్కొనేసరికి అమ్మబోయిన పక్షి చేతిలోనే ఉండేది, కొనవచ్చినవాడు వెళ్ళిపోయి ఉండేవాడు. కాటన్ ఇంతటితో ఆగలేదు. ఆస్పత్రిలో ఆ మనిషి రాత్రి నిద్రను గమనించాడు. గొంతు మూసుకొని ఊపిరి పూర్తిగా ఆగడం, రొమ్ము పొట్ట వృథాగా పెనుగులాడడం, ఒక నిమిషం దాటి ముఖం నల్లబడడం, చూచేవారికి భయం పుట్టే సమయానికి దారి తెరుచుకొని దీర్ఘశ్వాసలు రావడం అన్నిటినీ వివరించాడు. రాత్రి అంతా ఇదే వరుస అని అక్కడి నర్సులు చెప్పారు.

ఇంత స్పష్టమైన వర్ణనకు సభలో వచ్చిన ప్రతిస్పందన ఏమి? ఈ రోగి పిక్విక్ కథలోని బొద్దు కుర్రవానివలె ఉన్నాడని సభాధ్యక్షుడు అన్నాడు. పోలిక సరదాగా ఉన్నది. కాని కాటన్ చెప్పిన కొత్త సంగతి గొంతు మూసుకోవడం. పోలిక గుర్తుచేసినది బేరం మధ్య నిద్ర. కొత్త సంగతి ప్రక్కకు పోయింది, పాత నవ్వు ముందుకు వచ్చింది.

అదే సంవత్సరం విలియం హిల్ అనే వైద్యుడు బ్రిటిషు మెడికల్ జర్నలులో పిల్లల మందబుద్ధికి గల కొన్ని కారణాలను గురించి వ్రాశాడు. బడిలో మొద్దుగా, సోమరిగా కనబడుతూ, నోటితో ఊపిరి పీలుస్తూ, రాత్రి గురకపెట్టే పిల్లలను బడి వైద్యులు శ్రద్ధగా చూడాలని ఆయన కోరాడు. విలియం ఆస్లర్ 1892లో ప్రచురించిన ప్రసిద్ధ వైద్యగ్రంథంలో టాన్సిల్సు వాచిన పిల్లల నిద్రను వర్ణిస్తూ, వారి ఊపిరి మధ్యలో చాలసేపు ఆగి, తరువాత పెద్ద చప్పుడుతో వస్తుందని వ్రాశాడు. అదే గ్రంథం తరువాతి కూర్పులో, స్థూలకాయాన్ని గురించి చెప్పేచోట, బాగా లావైన యువకుల ఆపుకోలేని నిద్రను పిక్విక్ కుర్రవాని నిద్రతో పోల్చాడు. టాన్సిల్సు పేజీలో ఊపిరి ఆగే పిల్లవాడు, స్థూలకాయం పేజీలో నిద్రపోయే కుర్రవాడు. ఒకే పుస్తకంలో ఉన్న ఈ ఇద్దరూ ఒకరినొకరు కలుసుకోలేదు.

పేరు పెట్టిన సంవత్సరం

1956లో బర్వెల్, రాబిన్, వేలీ, బికెల్‌మన్ అనే వైద్యులు 'అమెరికన్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో ఒక వ్యాసం ప్రచురించారు. వారి రోగి 51 ఏళ్ళ వ్యాపారాధికారి. బరువు 260 పౌనులకు పైగా, అనగా సుమారు 118 కిలోగ్రాములు. వారం వారం పేకాట ఆడే అలవాటున్న అతనికి ఒకనాడు మూడు ఆసులు, రెండు రాజులు ఒకేసారి చేతికి వచ్చినవి. అంతటి పేక పడినా ఆడకుండా అతడు నిద్రపోయాడు. కొద్ది రోజులకే ఆస్పత్రిలో చేరాడు.

ఆ వైద్యులు చేసిన పని తేలికైనది కాదు. రోగి రక్తంలో బొగ్గుపులుసు వాయువు అధికంగా ఉన్నదని, ప్రాణవాయువు తక్కువగా ఉన్నదని, ఎర్రకణాలు పెరిగినవని, గుండె కుడిభాగం అలసిపోయినదని కొలతలతో చూపారు. లావువల్ల ఊపిరి చాలినంత ఆడక ఇవన్నీ కలుగుతున్నవని వివరించారు. తక్కువ ఆహారంతో బరువు తగ్గించగా రోగి కోలుకొన్నాడు. ఈ శ్వాసమాంద్యం ఈనాటికీ నిజమైన జబ్బే. వ్యాసంలో శ్వాస విడతలు విడతలుగా సాగుతున్నదనే లక్షణాన్ని కూడా వారు నమోదు చేశారు.

అయినా జబ్బుకు పేరు పెట్టేటప్పుడు తాము కొలిచిన వాయువులను గాని, చూచిన శ్వాసను గాని తీసుకోలేదు. నవలను తీసుకొన్నారు. తలుపు దగ్గర నిలబడి నిద్రపోయే జోను గురించిన భాగాన్ని వ్యాసంలో ఉదాహరించారు. పేరులోనూ పొరపాటున్నది. పిక్విక్ అనే పెద్దమనిషి లావైనవాడే గాని నిద్రమొద్దు కాడు. నవలలో 'పిక్వికియన్లు' అంటే అతని సంఘసభ్యులు. జో ఆ సంఘంలోనివాడు కాడు, వేరొక ఇంటి పనికుర్రవాడు. రోగికి అధిపతి పేరు దక్కింది, జబ్బు ఉన్నవానికి పేరే మిగలలేదు.

ఈ పొరపాటు చిన్నది. పెద్ద పొరపాటు మరొకటి. ఆ పేరు వినగానే వైద్యుని కంటికి కనబడేది లావైన మనిషి పగటి నిద్ర. లావు కారణం, నిద్ర కార్యం అనే సులభమైన గొలుసు మనస్సులో స్థిరపడుతుంది. రక్తంలోని బొగ్గుపులుసు వాయువు మత్తుకలిగించి నిద్ర తెప్పిస్తున్నదని అప్పటి వివరణ. అయితే ఆ మనిషి రాత్రి నిద్రపోతున్నాడా అనే ప్రశ్నకు ఆ గొలుసులో చోటులేదు.

రాత్రి దీపం వెలిగించినవారు

ఆ ప్రశ్న అడిగినవారు నిద్రను యంత్రాలతో వ్రాయించిన శాస్త్రజ్ఞులు. పక్షుల వర్తకుని జబ్బును వర్ణించిన రిచర్డ్ కాటనే 1875లో కుందేళ్ళ, కోతుల మెదడులో విద్యుత్ప్రవాహాలున్నవని మొదట చూపినవాడు. మనిషి మెదడులోని తరంగాలను హాన్స్ బెర్గర్ 1929లో ప్రకటించాడు. ఆ తరంగాలను, శ్వాసను, గుండె కొట్టుకోవడాన్ని రాత్రి పొడుగునా ఒకే కాగితంమీద గీయించగల పరికరాలు తరువాత వచ్చినవి. కాటన్ చేసిన రెండు పనులు ఒకదానినొకటి కలుసుకోవడానికి ఇంతకాలం పట్టింది.

1965లో ఫ్రాన్సులోని మార్సెయిల్లో గాస్తో, తస్సినారి, దురోన్ అనే వారు, జర్మనీలోని ఫ్రైబుర్గులో యుంగ్, కూలో అనే వారు, వేరువేరుగా పిక్విక్ రోగులనబడేవారి రాత్రి నిద్రను నమోదు చేశారు. ఊపిరి మాటిమాటికి ఆగుతున్నది. ఆగిన ప్రతిసారి మెదడు క్షణకాలం మేల్కొంటున్నది. మార్సెయిల్ శాస్త్రజ్ఞులు అడ్డు గొంతులో ఉన్నదని గుర్తించారు. అనగా ఆ రోగి పగలు నిద్రపోవడం అతినిద్ర కాదు, రాత్రి దక్కని నిద్రకు బాకీ తీర్చుకోవడం.

ఈ మాట నిజమా కాదా అని తేల్చిన పరీక్ష 1969లో ప్రకటితమైనది. కూలో, అతని సహచరులు ఇటువంటి రోగులకు మెడ క్రిందిభాగంలో శ్వాసనాళానికి రంధ్రం చేసి, గాలి గొంతుగుండా కాక నేరుగా పోయేటట్లు చేశారు. నిద్ర బాగుపడింది, పగటి మత్తు తగ్గిపోయింది. కారణాన్ని వేరుచేసి చూడడం ఎట్లాగో విద్యార్థులకు బోధించడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. లావు ఉన్నది, అడ్డు తొలగింది, నిద్రమత్తు పోయింది. కాబట్టి ఆ మత్తుకు దగ్గరి కారణం అడ్డు. లావు ఆ అడ్డును పెంచే కారణాలలో ఒకటి.

అప్పుడు గాని పేరు మారలేదు. 1976లో అమెరికాలోని స్టాన్‌ఫర్డులో గిల్‌మినో, టిల్కియన్, డిమెంట్ 'నిద్రాశ్వాసవిరామం' అనే అర్థం వచ్చే పేరుతో ఈ జబ్బులను వివరించారు. ఆ పేరులో లావు లేదు, నవ్వు లేదు. జరిగేది ఏమో అదే ఉన్నది. అదే సంవత్సరం గిల్‌మినో ఎనిమిదిమంది పిల్లలలో ఈ జబ్బును గురించి వ్రాశాడు. 1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీనుంచి కోలిన్ సల్లివాన్, అతని సహచరులు ఐదుగురు రోగులకు ముక్కుతొడుగు ద్వారా కొద్దిపాటి వత్తిడితో గాలి పంపి, నిద్రలో గొంతు మూసుకోకుండా ఆపగలిగినట్లు ప్రకటించారు. ఆ వత్తిడి 4.5 నుంచి 10 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానం. బొద్దు కుర్రవానిని చూచి నవ్వుతున్నంతకాలం ఎవరికీ తోచని ఉపాయం, అడ్డు ఎక్కడున్నదో తెలిసిన పదహారేళ్ళకు చేతికి వచ్చింది.

పోలికపై తీర్పు

పిక్విక్ పోలిక పూర్తిగా వ్యర్థమని అనడం న్యాయం కాదు. లావు, పగటి మత్తు, గుండె అలసట ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవని వైద్యలోకానికి మరపురాకుండా చేసినది ఆ పేరే. ఫ్రాన్సు, జర్మనీ శాస్త్రజ్ఞులు కూడా ఆ పేరుగల రోగులనే వెదకి పరీక్షించారు. దారి చూపినంతవరకు అది మంచి గుర్తు.

కాని గుర్తు వేరు, వివరణ వేరు. పోలిక తనతోపాటు ఒక తీర్పును కూడా మోసుకొని వచ్చింది. జోను చూచి పాఠకుడు నవ్వేది అతడు తిండిపోతు, సోమరి అనే భావంతో. ఆ భావం రోగికి అంటుకున్నది. గురకపెట్టే సన్నని మనిషికి, దవడ చిన్నదైన మనిషికి, టాన్సిల్సు వాచిన పసివానికి ఈ జబ్బు రావచ్చునని తోచడానికి ఆ బొమ్మే అడ్డం నిలిచింది. ఇందులో డికెన్సు తప్పు లేదు. నవ్వించడానికి వ్రాసినవాడు నవ్వించాడు. హాస్యాన్ని రోగనిర్ణయంగా చదివినవారిదే లోపం. ఈనాడు వైద్యులు 1956 నాటి జబ్బును 'స్థూలకాయ శ్వాసమాంద్యం' అనే అర్థం వచ్చే పేరుతో వ్యవహరిస్తున్నారు. ఆ రోగులలో చాలమందికి గొంతుమూత కూడా ఉంటుంది. అయినా రెండూ ఒకటి కావు.

ఉపాధ్యాయులకు ఈ చరిత్రతో నేరుగా పని ఉన్నది. తరగతిలో కునికిపాట్లు పడే పిల్లవానికి కుంభకర్ణుడని పేరుపెట్టడం ఒక్క క్షణం పని. ఆ పేరు సంవత్సరాలపాటు అతనిని అంటిపెట్టుకొంటుంది. పిల్లలలో ఈ జబ్బు ఎప్పుడూ నిద్రమత్తుగానే బయటపడదు. నిలకడలేకపోవడం, పాఠంమీద ధ్యాస నిలవకపోవడం, చిరాకు రూపంలో కూడా కనబడుతుంది. పిల్లవాడు లావుగా ఉండవలసిన అవసరం లేదు. టాన్సిల్సు, ముక్కు వెనుక ఉండే అడినాయిడ్లు పెరగడం వారిలో ముఖ్య కారణం. తగిన పిల్లలలో వాటిని తీసివేస్తే చాలమందికి మేలు కలుగుతుంది.

అటువంటి పిల్లవాని తల్లిని అడగవలసిన ప్రశ్నలు నాలుగే. రోజూ గురకపెడతాడా? నోరు తెరచి నిద్రపోతాడా? గురక మధ్యలో చప్పుడు ఆగి, తరువాత ఉలిక్కిపడినట్లు ఊపిరి పీలుస్తాడా? ఊపిరాడక లేచి కూర్చుంటాడా? వీటికి అవుననే జవాబు వస్తే వైద్యునికి చూపించాలి. పెద్దలకైతే మరికొన్ని అడగాలి: లేచిన తరువాత బాధ రెండు శ్వాసలలో తీరిందా, అరగంట పట్టిందా? పిల్లికూతలున్నవా? కాళ్ళు వాచినవా? నోట పుల్లదనమున్నదా? ఈ జవాబులు వైద్యునికి దారి చూపుతవి. ఆయాసంతోపాటు రొమ్మునొప్పి ఉన్నా, పెదవులు నల్లబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, ప్రశ్నలతో కాలయాపన చేయక వెంటనే ఆస్పత్రికి చేర్చాలి.

కాటన్ రోగికి ఆస్పత్రి నర్సులు రాత్రంతా సాక్షులుగా ఉన్నారు. ప్రతి ఇంటిలోను అటువంటి సాక్షి తల్లి గాని, భార్య గాని, ప్రక్క మంచంమీద అన్నదమ్ముడు గాని ఉండనే ఉంటారు. వారు చెప్పేది విని, ఆ తరువాత జబ్బుకు పేరుపెట్టడం శాస్త్రం అనుసరించవలసిన వరుస. పేరు ముందు పెట్టి సాక్ష్యాన్ని తరువాత వెదకడంవల్ల వైద్యానికి ఎంత ఆలస్యమైనదో పిక్విక్ కుర్రవాని కథ చెబుతున్నది. బడిలో అంత ఆలస్యానికి తావులేదు. పిల్లవాని చదువు ఆ సంవత్సరంతోనే గడచిపోతుంది.